పండగ ఆఫర్లకు పోయే ముందు: రేటు బోర్డు కాదు, వెనక స్టిక్కర్ చదవండి!

బస్తీ వాసులకు, అద్దెకుండే వారికి, కొత్తగా కాపురం పెట్టిన వారికి విజ్ఞప్తి!

దసరా వస్తోంది. పేపరు తెరిస్తే మొదటి పేజీల నిండా టీవీలు, ఫ్రిజ్‌లు, ఏసీలు. వార్తలు ఎక్కడో మూడో పేజీలో మొదలవుతున్నాయి. షోరూముల ముందు బెలూన్లు కట్టారు. బోనస్ చేతికి రాకముందే ఈఎంఐ మెసేజ్ ఫోన్‌కు వచ్చేస్తోంది. ఈ సందట్లో మన ఇళ్లలో రెండు మాటలు వినిపిస్తుంటాయి. "ఎక్కువ పెడితేనే మంచిది వస్తుంది, ఒక్కసారి పెట్టుకుంటే పదేళ్లు చూసుకోనక్కర్లేదు" అని ఒకరు. "అన్నీ ఒకచోట తయారైనవే, పేరుకే కంపెనీలు, చవకది తెచ్చి వాడి పారేద్దాం" అని ఇంకొకరు. రెండిట్లోనూ కొంత నిజం ఉంది కానీ, రెండిట్నీ నమ్మి దెబ్బతిన్న ఇళ్లు ఈ బస్తీలోనే ఉన్నాయి.

మేం ఫ్యాన్లకు వైండింగ్ చుట్టేవాళ్లం, ఫ్రిజ్‌లకు గ్యాస్ పట్టేవాళ్లం, టీవీ బోర్డులు బాగుచేసేవాళ్లం, మాతోపాటు ఆ రిపేర్లకూ కరెంటుకూ డబ్బు కట్టే ఇంటివాళ్లం. ఏ కంపెనీకీ ఏజెంట్లం కాదు. ఏ షాపుకూ వ్యతిరేకులం కాదు. మా మాట ఒక్కటే: మీరు పెట్టే ఎక్కువ డబ్బు రాగిలోకో, మోటారులోకో, కంప్రెసర్‌లోకో పోయి నెలనెలా కరెంటు బిల్లు తగ్గిస్తుంటే సంతోషంగా పెట్టండి. పేరులోకి, మెరుపులోకి, అదనపు వారంటీలోకి పోతుంటే అర్ధరూపాయి కూడా పెట్టకండి. ఏది ఎటు పోతుందో ధర చూస్తే తెలియదు.

ముందుగా ఫ్యాన్ సంగతి. ఇంట్లో ఎక్కువ గంటలు తిరిగేది అదే, కొనేటప్పుడు తక్కువ ఆలోచించేదీ దాని గురించే. నాలుగడుగుల మామూలు సీలింగ్ ఫ్యాన్ ఫుల్ స్పీడులో 75 వాట్ల దాకా తాగుతుంది. బీఎల్‌డీసీ ఫ్యాన్ దాదాపు అంతే గాలి 30, 35 వాట్లలో ఇస్తుంది. తేడా 40 వాట్లే అనుకుందాం. రోజుకు 15 గంటల చొప్పున ఏడాదిలో 300 రోజులు తిరిగితే 180 యూనిట్లు మిగులుతాయి. యూనిట్ 6 రూపాయలు వేసుకున్నా 1,080 రూపాయలు. రెండు ఫ్యాన్ల ధరలో తేడా మామూలుగా వెయ్యి, పదిహేను వందలు. ఏడాది, ఏడాదిన్నరలో ఆ తేడా తిరిగొచ్చేస్తుంది, ఆ తర్వాత వచ్చేదంతా మిగులు. కాబట్టి హాల్లో, పడగ్గదిలో ఖరీదైన ఫ్యానే చవక.

అయితే అదే షాపులో, అదే ధరకు, పక్క వరసలో ఇంకో ఫ్యాన్ వేలాడుతుంటుంది. రెక్కల మీద చెక్క డిజైను, మధ్యలో బంగారు రంగు రింగు. కింద "ప్రీమియం" అని చీటీ. లోపల ఉన్నది పాత మోటారే. మామూలు ఫ్యాన్ అంతే కరెంటు తాగుతుంది. పైన పటారం, లోన లొటారం అనేది ఇలాంటి సరుకును చూసే పుట్టి ఉంటుంది. రెండూ మూడు వేలే, ఒకటి మీ డబ్బు తిరిగి ఇస్తుంది, రెండోది ఇంకా లాగుతుంది. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు కూడా స్టార్ లేబుల్ తప్పనిసరి చేశారు. డబ్బా మీద ఆ లేబుల్ వెతకండి, వాట్లు ఎన్నో చదవండి, తర్వాత రంగు చూసుకోండి.

బీఎల్‌డీసీకి ఒక మెలిక ఉంది, అమ్మేవాళ్లు చెప్పరు. మామూలు ఫ్యాన్ నెమ్మదిస్తే చాలాసార్లు కెపాసిటర్ మారిస్తే సరిపోతుంది, యాభయ్యో వందో అవుతుంది, పది నిమిషాల పని. బీఎల్‌డీసీ లోపల ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది. ఉరుములు, మెరుపులు, వోల్టేజి ఎగుడుదిగుళ్లు వచ్చినప్పుడు ముందు పోయేది అదే. ఆ మోడల్ బోర్డు దొరక్కపోతే కొత్త ఫ్యాన్ మూలన పడుతుంది. అందుకే డబ్బు తీసే ముందు "బోర్డు విడిగా అమ్ముతారా, ఎంత?" అని అడగండి. "వారంటీ ఉంది కదండీ" అంటే అది జవాబు కాదు, వారంటీ అయిపోయాక సంగతే మనం అడుగుతున్నది. ఇంకో మాట: గోడ మీది పాత రెగ్యులేటర్‌తో ఈ ఫ్యాన్ నడపకండి, ఎలక్ట్రీషియన్‌తో ఆ రెగ్యులేటర్ తీయించేయండి. రోజుకు గంట తిరిగే పూజగదికీ, చుట్టాలొస్తే తప్ప తెరవని గదికీ మామూలు ఫ్యానే చాలు.

ఏసీ దగ్గర లెక్క తలకిందులవుతుంది. 5 స్టార్ అయితే మంచిదే అని అందరూ అంటారు. లేబుల్ మీద ఏడాదికి ఇన్ని యూనిట్లు అని ఉంటుంది కదా, అది 1600 గంటల వాడకానికి వేసిన లెక్క. అంటే రోజుకు ఎనిమిది గంటల చొప్పున 200 రోజులు. టన్నున్నర ఏసీల్లో 3 స్టార్‌కూ 5 స్టార్‌కూ మధ్య తేడా 200 యూనిట్లకు అటూ ఇటూగా కనిపిస్తుంది. మన ఇళ్లలో చాలామంది ఏసీ వేసేది ఏప్రిల్, మే రాత్రుళ్లు. అరవై రాత్రుళ్లు, ఎనిమిదేసి గంటలు వేసుకుంటే 480 గంటలే. అంటే మీకు మిగిలేది 60 యూనిట్లు, మహా అయితే ఐదు వందల రూపాయలు. దానికోసం ఎనిమిది వేలు ఎక్కువ పెడితే తిరిగి రావడానికి పదహారేళ్లు పడుతుంది. అన్నేళ్లు ఆ ఏసీ ఉండాలి కదా! ఏడాది పొడవునా నడిచే షాపుకో, మంచం పట్టిన పెద్దవాళ్లున్న ఇంటికో, ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకునే వారికో 5 స్టార్ తీసుకోండి, కళ్లు మూసుకుని తీసుకోండి. వేసవి రాత్రులకు మాత్రం 3 స్టార్ దండిగా సరిపోతుంది.

ఇందులో మన తెలంగాణ వాళ్లం ఇంకోటి చూసుకోవాలి. గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడితే బిల్లు సున్నా. దాటిన నెలలో మొత్తం కట్టాల్సిందే. ఆ గీత దగ్గర ఉన్న ఇంట్లో రెండు మామూలు ఫ్యాన్లు మార్చడమే మే నెల బిల్లును గీతకు ఇవతల ఉంచవచ్చు. ఆంధ్రాలో ఉన్న మన బంధువులకు లెక్క వేరు, అక్కడ వాడకం పెరిగిన కొద్దీ శ్లాబు మారి యూనిట్ ధర ఎక్కుతుంది. ఏ ఊళ్లో ఉన్నా, ఏసీ కొనేముందు పాత కరెంటు బిల్లులు ముందేసుకుని చూడండి. షోరూములో ఆ పని మీ తరఫున ఎవరూ చేయరు.

స్టార్ల లెక్కను కొన్నేళ్లకోసారి బిగిస్తుంటారు. 2022 జూలైలో ఏసీలకు అలా బిగించినప్పుడు అంతకుముందటి 5 స్టార్లు ఒక మెట్టు దిగిపోయాయి. స్టార్ల పక్కనే ఆ లేబుల్ ఏ కాలానికి చెల్లుతుందో చిన్న అక్షరాల్లో ఉంటుంది. "పండగ స్పెషల్" అంటూ గోడౌన్ ఖాళీ చేసే పాత సరుకు అక్కడే పట్టుబడుతుంది. అలాగే ఏసీల మీదా, 32 అంగుళాలు దాటిన టీవీల మీదా జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది 2025 సెప్టెంబర్ 22న. ఆ తగ్గింపును తమ కానుకగా చూపించే షాపును నమ్మకండి.

ఏసీ లోపలి కాయిల్ రాగిదా, అల్యూమినియందా అని కూడా అడగండి. రాగి చిల్లుపడితే అతికిస్తాం. అల్యూమినియం పోతే చాలాసార్లు కాయిల్ మొత్తం మార్చాల్సి వస్తుంది. స్టెబిలైజర్ అయితే రెండు చేతులతో ఎత్తి చూడండి. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ పెద్దదైతే బరువుంటుంది. ఒకే ధరలో రెండుంటే తేలికదాన్ని అక్కడే వదిలేయండి.

ఫ్రిజ్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అది రాత్రింబగళ్లు నడిచేది, స్టార్ల మీద పెట్టిన డబ్బు వృథా పోదు. తలుపు మీద తెర, ఆ తెరలో ఇంటర్నెట్ ఉన్న ఫ్రిజ్‌లకు మాత్రం దండం పెట్టండి. కంప్రెసర్ పదిహేనేళ్లు నడుస్తుంది, తెర లోపలి సాఫ్ట్‌వేర్‌ను కంపెనీ అన్నేళ్లు పట్టించుకోదు. మొన్న మాలో ఒకరికి షోరూములో సేల్స్ కుర్రాడు ఇలాంటి ఫ్రిజ్ చూపించాడు.

"ఇందులో ఏఐ ఉంది సార్."

"ఏం చేస్తుంది బాబూ?"

"ఆటోమేటిక్‌గా అన్నీ అదే చూస్కుంటది సార్."

"అన్నీ అంటే?"

ఆ అబ్బాయి నవ్వేసి మేనేజర్‌ను పిలిచాడు. పాపం, తప్పు అతనిది కాదు. నెల టార్గెట్ అతని నెత్తిన ఉంది.

ఇక టీవీ. "ఫారిన్ కంపెనీది, క్వాలిటీ వేరు" అంటారు. తిరుపతి దగ్గరున్న డిక్సన్ ఫ్యాక్టరీలో 2018 నుంచి షావోమీ టీవీలు బిగించారు. మన హైదరాబాద్ శివార్లలోని రేడియంట్ ఫ్యాక్టరీలోనూ వేరే కంపెనీల పేర్ల మీద టీవీలు తయారవుతాయి. తెర గాజేమో చైనా, తైవాన్, కొరియాల్లోని కొద్ది ఫ్యాక్టరీల నుంచే ప్రపంచమంతా పోతుంది. అయితే అన్నీ ఒకటేనా? కాదు. తెర వెనక వెలిగే ఎల్‌ఈడీ పట్టీలు, పవర్ బోర్డు, పాడైతే ఇంటికొచ్చే మనిషి, వీటిలో తేడా ఉంటుంది. రాత్రి దీపాలార్పి సినిమా చూసేవారికి ఓఎల్‌ఈడీ తెర నిజంగానే గొప్పగా ఉంటుంది, ఆ ధరకు తగ్గదే, కాదనడం అబద్ధం. పగలంతా కిటికీ వెలుతురు పడే హాల్లో, మధ్యాహ్నం సీరియళ్లు చూసే ఇంట్లో ఆ గొప్ప కనబడదు. 32 అంగుళాల టీవీని ఎనిమిదడుగుల దూరం నుంచి చూస్తూ 4కే కోసం ఎక్కువ ఇవ్వడం కూడా అంతే, మన కంటికి ఆ తేడా అందదు. షోరూము గోడ మీద టీవీలన్నీ కళ్లు మిరుమిట్లు గొలిపేలా పెడతారు. రిమోట్ అడిగి తీసుకుని మామూలు మోడ్‌లో, మామూలు న్యూస్ చానల్ పెట్టించి చూడండి.

టీవీతోపాటు అంటగట్టే "గోల్డ్ ప్లేటెడ్" హెచ్‌డీఎంఐ కేబుల్ వద్దనండి. అందులో పోయేది డిజిటల్ సిగ్నల్. గదిలో వాడే చిన్న తీగ మూడు వందలదైనా మూడు వేలదైనా వస్తే బొమ్మ పూర్తిగా వస్తుంది, తేడా వస్తే ముక్కలవుతుంది; బంగారం పూసినంత మాత్రాన రంగులు పెరగవు. నాలుగేళ్ల స్మార్ట్ టీవీ నత్తనడక నడుస్తుంటే టీవీ మార్చకండి. వెనక హెచ్‌డీఎంఐ పోర్టులో మూడు, నాలుగు వేల స్ట్రీమింగ్ స్టిక్ పెడితే కొత్తదానిలాగే నడుస్తుంది.

స్పీకర్ల దగ్గర ఒక పని చేయండి. కోఠి గుజరాతీ గల్లీలోనైనా, మన మూలమీది షాపులోనైనా, డబ్బా మీద "5000 వాట్స్ పీఎంపీవో" అని పెద్ద అక్షరాలున్న సెట్టును తీసి వెనక్కి తిప్పండి. వైరు బయటికొచ్చే చోట వెండి రంగు స్టిక్కర్ ఉంటుంది. 230 వోల్టులు, 50 హెర్ట్జ్, 40 వాట్లు అని రాసి ఉంటుంది. గోడ ప్లగ్గు నుంచి 40 వాట్లు తీసుకునే డబ్బా 5000 వాట్ల చప్పుడు ఎక్కడి నుంచి తెస్తుంది? ఆర్‌ఎంఎస్, అంటే ఆగకుండా ఇవ్వగలిగే అసలు పవర్, ఎంత అని అడగండి. ఆ అంకె చెప్పలేని స్పీకర్ ఎంత ధరకిచ్చినా కొనకండి. వినాయక మండపాల తమ్ముళ్లకు కూడా ఈ మాట చేరవేయగలరు.

ఇప్పుడు నీళ్ల మిషన్. మన బస్తీలో ఇళ్లకొచ్చి ఎక్కువ మోసం చేస్తున్నది ఈ సరుకుతోనే కాబట్టి కాస్త వివరంగా చదవండి. టై కట్టుకున్న కుర్రాడొకడు వచ్చి, మీ కుళాయి నీళ్లు ఒక గ్లాసులో, తను తెచ్చిన ఆర్వో నీళ్లు ఇంకో గ్లాసులో పోసి, రెండిట్లోనూ తీగలున్న కడ్డీలు పెట్టి స్విచ్ వేస్తాడు. నిమిషంలో మీ గ్లాసు బురదరంగుకు తిరుగుతుంది. ఆర్వో గ్లాసు అలాగే ఉంటుంది. "చూశారా అమ్మా, మీ పిల్లలు తాగుతున్నది ఇదే" అంటాడు. ఆ బురద మీ నీళ్లలోది కాదు. కరెంటు పారినప్పుడు అతని ఇనప కడ్డీ కరిగి నీళ్లలో దిగిన తుప్పు. ఆర్వో నీళ్లలో లవణాలు లేవు కనుక కరెంటు సరిగా పారదు, కడ్డీ కరగదు. ఆ గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ స్విచ్ వేయమనండి. అది కూడా రంగు మారుతుంది, అతను సామాను సర్దుకుంటాడు.

తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుంటే మంచిదని మన బీఐఎస్ ప్రమాణం చెబుతోంది. ఆ లోపున్న చోట ఆర్వో వాడకాన్ని ఆపమని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కేంద్ర పర్యావరణ శాఖను ఆదేశించింది. నది నుంచి వచ్చే మున్సిపల్ నీళ్లకు మామూలుగా కావలసింది ఫిల్టరు, యూవీ దీపం. అది ఆర్వో కంటే చవక, పైగా నీళ్లు పారబోయదు. బోరు నీళ్లు తాగే ఇళ్లది వేరే సంగతి. ఉప్పుగా ఉంటేనో, నల్లగొండ వైపులా ఫ్లోరైడ్ ఉంటేనో ఆర్వో కావాలి, దానికి డబ్బు పెట్టాలి. కనుక ముందు నీళ్లు పరీక్ష చేయించండి, మిషన్ సంగతి తర్వాత.

చవకది అసలే వద్దనే చోట్లు కూడా ఉన్నాయి. నీళ్లు వేడిచేసే రాడ్డు, ఇస్త్రీపెట్టె, గీజరు, ఎక్స్‌టెన్షన్ బోర్డు. ఇవి పాడైతే పోయేది వస్తువొక్కటే కాదు. సంతలో నూట యాభైకి దొరికే రాడ్డు మీద ఐఎస్ఐ గుర్తుందా అని మాత్రమే చూస్తే చాలదు, గుర్తు ఎవరైనా అచ్చు వేస్తారు. దాని కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే నంబరుంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఏ కంపెనీదో, లైసెన్సు నడుస్తోందో లేదో తెలుస్తుంది. షాపులో నిలబడే కొట్టి చూడండి. షోరూములో ఎవరూ చూపించని వస్తువు ఇంకోటి ఉంది, ఇంటి మెయిన్ బోర్డులో పెట్టించుకునే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ. రెండు వేలకు అటూ ఇటూ ఉంటుంది. మనిషికి షాక్ తగిలితే రెప్పపాటులో కరెంటు ఆపుతుంది. యాభై వేల టీవీ కొనే ఇంట్లో ఇది లేకపోవడం మాకు రోజూ కనిపించే దృశ్యం. పండగ డబ్బులో మొదటి రెండు వేలు దానికి తీసి పక్కన పెట్టండి.

బిల్లు కౌంటర్ దగ్గర ఇంకో ఇద్దరు కాచుకుని ఉంటారు. ఒకరు అదనపు వారంటీ అమ్ముతారు. వేల రూపాయలు కట్టించుకుంటారు. ప్లాస్టిక్ భాగాలకు రాదు, గ్యాస్‌కు రాదు, వోల్టేజి వల్ల పోతే రాదు అని వెనక పేజీలో ఉంటుంది. ఆ డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి, చాలా రిపేర్లకు సరిపోతుంది. ఇన్వర్టర్ బ్యాటరీల వారంటీ ఇంకా తమాషా. "24+24 నెలలు" అని ఉంటే ఉచితంగా మార్చేది మొదటి 24లోనే. రెండో 24లో ఇచ్చేది కొత్త బ్యాటరీ మీద డిస్కౌంట్ మాత్రమే. ఇంకొకరు "జీరో ఇంట్రెస్ట్" అంటారు. సున్నా వడ్డీ అనేది ఉండదని రిజర్వ్ బ్యాంకే 2013లో బ్యాంకులకు చెప్పింది. నగదు ఇస్తే తగ్గించే మొత్తమే ఇక్కడ వడ్డీ. ప్రాసెసింగ్ ఫీజు దాని పైన. "క్యాష్ ఇస్తే ఎంత?" అని ముందు అడిగి, ఆ తర్వాత ఈఎంఐ మాట ఎత్తండి.

పాత వస్తువును ఎక్స్‌ఛేంజ్ కింద రెండు వేలకు ఇచ్చేసే ముందు ఒకసారి మెకానిక్‌కు చూపించండి. ఇది మా పొట్టకూటి కోసం చెబుతున్నామని అనుకునేవాళ్లు అనుకోవచ్చు, కొంత నిజమే. కానీ గాస్కెట్ వదులైన ఫ్రిజ్, బేరింగ్ అరిగిన వాషింగ్ మెషిన్ కొత్తదాని ధరలో చిన్న భాగానికే బాగవుతాయి. తలుపు సందులో పది రూపాయల నోటు పెట్టి మూయండి, లాగితే సులువుగా వచ్చేస్తోందంటే మార్చాల్సింది ఆ రబ్బరు, ఫ్రిజ్ కాదు.

కొన్నది ఏదైనా బిల్లు అడిగి తీసుకోండి. "జీఎస్టీ లేకుండా తగ్గించి ఇస్తా" అనే అన్నకు లొంగకండి, రేపు పాడైతే మీ చేతిలో కాగితం ఉండదు. బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. కంపెనీ తిప్పించుకుంటుంటే 1915కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడవచ్చు. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. వస్తువుకు మీరిచ్చిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. స్పేర్ పార్టులు, రిపేరు వివరాలు కంపెనీలు బయటపెట్టాలని 2022 డిసెంబర్ 24న కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. కొనబోయే కంపెనీ అందులో ఉందో లేదో చూడండి. లేకపోతే ఎందుకు లేదని షోరూములో గట్టిగా అడగండి, పక్కవాళ్లకు వినపడేలా అడగండి. ఒక్కరడిగితే నవ్వుతారు, ఈ బస్తీ నుంచి వెళ్లిన ప్రతి ఇల్లూ అడిగితే ఆ మాట కంపెనీ దాకా పోతుంది.

వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు పార్కు పక్కన కమ్యూనిటీ హాల్లో కూర్చుంటున్నాం. అక్కలూ, అన్నలూ, ఏదైనా కొనాలనుకుంటున్నవారు మోడల్ నంబరు, దాని స్టార్ లేబుల్ ఫొటో, మీ ఇంటి పోయిన వేసవి కరెంటు బిల్లులు తెచ్చుకోండి. లెక్క అక్కడే వేసి చూపిస్తాం. మూలన పడ్డ మిక్సీ, ఫ్యాన్, ఇస్త్రీపెట్టె ఉంటే అవీ పట్టుకురండి. చూసినందుకు డబ్బులేమీ లేవు, సామాను ఖర్చు మాత్రం మీదే. ఎవరింటికైనా కడ్డీలు, గ్లాసులు పట్టుకుని నీళ్ల మిషన్ కుర్రాడు వస్తే అతన్నీ ఆదివారం రమ్మనండి. ఉప్పు మేం తెస్తాం.

ఇట్లు,
బస్తీ మెకానిక్‌లు, వినియోగదారులు

(చదివాక పక్కింటికి ఇవ్వండి. అచ్చు ఖర్చు మా చందాలతో పెట్టుకున్నదే. ఏ షాపు ప్రకటనా ఇందులో లేదు.)